గండేరా, గటగట, ఒక బ్రూక్లిన్ ఆల్బమ్

కురిడీ కాయ మంచిదో కాదో కంటికి తెలియదు. అటక మీద పది పన్నెండు నెలలు పడి ఉన్న కాయలో నీరంతా ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేసిన తరువాత, దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఒక్కసారి ఆడించి, లోపలి చప్పుడును బట్టి మా పెదనాన్నగారు అది ఏ రాశిలోకి వెళ్ళాలో చెబుతారు. కోనసీమలోని అంబాజీపేటలో మా కొట్టుకు వచ్చే కాయలన్నీ ఆయన చెవి దాటి వెళ్ళవలసినవే. పేపరు జిల్లా పేజీలో రోజూ వచ్చే ధరల పట్టికలో గండేరా అనే రకానికి వెయ్యి కాయలకు ఇంత, గటగట అనే రకానికి ఇంత అని అంకెలు ఉంటాయి గానీ, ఆ అంకె వేయడానికి ముందు ఎవరో ఒకరు కాయను ఆడించి విని ఉంటారన్న సంగతి పట్టికలో కనిపించదు.

గీస్ అనే న్యూయార్క్ రాక్ బృందం మూడవ ఆల్బమ్ ‘గెటింగ్ కిల్డ్’ను నేను మొదటిసారి పూర్తిగా విన్నది ఆ కొట్టులోనే. ఉత్తరాదికి వెళ్ళవలసిన లారీ ఇంకా రాలేదు, బస్తాలు మోసే ముఠావాళ్ళు టీకి వెళ్ళారు, కాకినాడలో చదువుకునే రోజుల్లో కొన్న చిన్న స్పీకరు ఒకటి గల్లాపెట్టె పక్కన ఉంది. పాట మొదలై కాసేపైందో లేదో, గాయకుడు తన కారులో బాంబు ఉందని గొంతు చించుకొని అరవడం మొదలుపెట్టాడు. పెదనాన్నగారు చేతిలోని కాయను పక్కన పెట్టి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, “ఏరా అబ్బాయ్, ఈ కుర్రాడికి జ్వరం గానీ తగిలిందేంట్రా?” అన్నారు. ఆ ఆల్బమ్ గురించి అప్పటికే నేను పాతిక సమీక్షలు చదివి ఉన్నాను. వాటిలో చాలా వాటికన్నా ఈ ఒక్క ప్రశ్నే అసలు విషయానికి దగ్గరగా ఉందని నాకు అనిపించింది, ఎందుకనిపించిందో రాసుకోవడానికే ఈ టపా.

ముందు బృందం సంగతి. బ్రూక్లిన్‌లో బడిలో చదువుకునే రోజుల్లో కలిసిన పిల్లలు వీళ్ళు. కామెరాన్ విన్టర్ పాడతాడు, ఎమిలీ గ్రీన్ గిటారు, డొమినిక్ డిజేసు బేసు, మాక్స్ బాసిన్ డ్రమ్స్. 2021లో ‘ప్రొజెక్టర్’, 2023లో ‘త్రీడీ కంట్రీ’ వచ్చాయి. 2024 డిసెంబరులో విన్టర్ ఒక్కడే ‘హెవీ మెటల్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. పేరుకు తగ్గట్టు అందులో ఇనుపమోత ఏమీ లేదు, ఎక్కువగా పియానో, మనిషి గొంతు. ఏడాది చివరి జాబితాలన్నీ ముగిసిపోతున్న వేళకు వచ్చిన ఆ ఆల్బమ్‌ను మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, తరువాత ఆ నోటా ఈ నోటా పాకి నెమ్మదిగా జనంలోకి వెళ్ళింది. 2025 సెప్టెంబరు 26న పార్టిసాన్ రికార్డ్స్ ద్వారా ‘గెటింగ్ కిల్డ్’ వచ్చేనాటికి విమర్శకులందరూ చెవులు రిక్కించి ఉన్నారు. ర్యాప్ సంగీతంలో కెన్నీ బీట్స్‌గా పేరున్న కెన్నెత్ బ్లూమ్ బృందంతో కలిసి దీన్ని నిర్మించాడు. లాస్ ఏంజిలిస్‌లోని అతని స్టూడియోలో పది రోజుల్లో రికార్డింగు ముగించారు. పదకొండు పాటలు.

ఇక విమర్శకుల స్పందన గురించి చెప్పాలంటే, అది దాదాపు ఏకగ్రీవమైన మెప్పు. ఇంగ్లీషు సంగీత పత్రికలు చాలావరకు ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నాయి, డిసెంబరు జాబితాలు వచ్చేసరికి అది అనేక చోట్ల మొదటి వరుసలో నిలిచింది. మెప్పు తప్పని నేను అనను. ఆల్బమ్ నాకూ బాగా నచ్చింది. నా పేచీ ఆ మెప్పును చెప్పిన తీరుతోనే. నేను చదివిన సమీక్షల్లో సగానికి పైగా రెండు దారుల్లో ఏదో ఒక దారి పట్టాయి. మొదటిది, చచ్చిపోతున్న రాక్ సంగీతాన్ని ఈ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు బతికిస్తారా లేదా అన్న విచారణ. రెండవది, ఇది ఎవరిలా ఉంది అన్న లెక్క: కొంత స్ట్రోక్స్, కొంత రేడియోహెడ్, కొంత రోలింగ్ స్టోన్స్, పిడికెడు ఫలానా, చిటికెడు ఫలానా అంటూ పులిహోర కలిపినట్టు పేర్లు కలుపుతారు. ఆ పేర్లన్నీ తెలిసిన పాఠకుడికి కొంత ఉపయోగం ఉండవచ్చు. కానీ పాటలో ఏ చోట ఏమి జరుగుతుందో, అది విన్న మనిషికి ఏమవుతుందో చెప్పకుండా పోలికలతో పేజీ నింపడం, పెళ్ళిచూపులకు వెళ్ళివచ్చి పిల్ల గురించి అడిగితే ఆమె మేనమామల వివరాలు చెప్పడం లాంటిది.

ఉద్ధారకుల గోల మరీ విసుగు పుట్టిస్తుంది. ఏ పదేళ్ళకొకసారైనా న్యూయార్క్ నుంచో లండన్ నుంచో నలుగురు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకొని రాగానే, రాక్ సంగీతం మళ్ళీ పుట్టిందని రాసేవారు రాస్తారు, అసలు చావనేలేదని మరొకరు జవాబిస్తారు, ఈ వాదులాటలో పాటలు ఒక మూలన పడి ఉంటాయి. ‘గెటింగ్ కిల్డ్’ పేరులోనే చావు ఉంది కాబట్టి ఆ మాట వాడుకోవడానికి మరింత వీలు చిక్కింది.

గొంతు విషయంలో మాత్రం విమర్శకులు కాస్త నిజాయితీగానే తడబడ్డారు. విన్టర్ గొంతు లోతైనది, బరువైనది, మాటను నమిలి మింగి సగమే బయటికి వదులుతుంది, ఒక్కోసారి శ్రుతికి కొంచెం కిందుగా వేలాడి చివరి క్షణంలో పైకి పాకుతుంది. నచ్చినవారు దీన్ని మహత్తు అన్నారు, నచ్చనివారు నటన అన్నారు. పెదనాన్నగారు జ్వరం అన్నారు. నేను ఆయనను వదలకుండా, “జ్వరం అని ఎందుకన్నారండీ?” అని అడిగాను. ఆయన యౌవనంలో పద్యనాటకాల వెంట ఎడ్లబండి మీద పాలకొల్లు దాకా వెళ్ళివచ్చిన మనిషి. “ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూడు. మాట మధ్యలో తీసుకుంటున్నాడు. కావాలనే అలా తీసుకుంటున్నాడు. జ్వరం వచ్చినవాడు అలాగే మాట్లాడతాడు. కాటి సీను పద్యం పాడేటప్పుడు మా రోజుల్లో ఒకాయన ఇలాగే చేసేవాడు, జనం వన్స్‌మోర్ అని గోల పెట్టేవారు, ఆయ్,” అన్నారు.

ఆ తరువాత ఆల్బమ్‌ను నేను ఊపిరి కోసం విన్నాను. ‘ట్రినిడాడ్’ అనే ఆ మొదటి పాటలో ఆ అరుపు అంత భయపెట్టడానికి కారణం దాని చప్పుడు ఒక్కటే అనుకున్నాను గానీ, దాని ముందు గిటారు, డ్రమ్స్ తీరిగ్గా, దాదాపు బద్ధకంగా సాగుతుండగా గాయకుడు మధ్యమధ్య ఊపిరి వదిలేసి, వాక్యాన్ని పూర్తి చేయలేనివాడిలా ఆగిపోతూ ఉంటాడు. అరుపు వచ్చేసరికి వినేవాడి ఊపిరి కూడా అప్పటికే సగం బిగిసి ఉంటుంది. పద్యనాటకంలో రాగం తీయబోయే ముందు హార్మోనియం ఒక్క క్షణం తగ్గితే పందిరిలో ఉన్నవాళ్ళందరూ ముందుకు వంగుతారు చూడండి, అదే పని ఇక్కడ బ్లూమ్, బాసిన్ కలిసి చేశారు.

‘టాక్సెస్’ అనే పాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆల్బమ్ అంతటిలో నేను ఎక్కువసార్లు విన్నది అదే. మొదటి సగంలో గిటార్లు దాదాపు ఉండవు. డ్రమ్స్ లావుపాటి శబ్దంతో, తోలు వదులైన డప్పులా, ఒకే వరుసను తిప్పుతుంటాయి, దాని మీద గొంతు నడుస్తుంది. తన చేత పన్ను కట్టించాలంటే శిలువ పట్టుకొని రమ్మని, తనను మేకులతో బిగించాల్సి వస్తుందని అతను చెబుతాడు. సరిగ్గా ఆ మాట దగ్గర, అప్పటిదాకా ఎక్కడో దాక్కున్న గిటార్లు మెరుస్తూ వచ్చి పడతాయి, కోపంగా ఉన్న మాట మీద సంతోషంగా ఉన్న సంగీతం వచ్చి వాలుతుంది. జూన్‌లో మా కాలువకు లాకులు ఎత్తినప్పుడు ఎండిన పిల్లకాలువలోకి నీళ్ళు వచ్చే తీరు తెలిసినవారికి ఈ క్షణాన్ని వర్ణించనక్కరలేదు: ముందు మట్టి తడిసిన వాసన, ఆ వెంటనే నురగ, ఆకులు, అన్నీ కలిసి ఒక్కసారిగా. ఈ మలుపును కొందరు సమీక్షకులు పట్టుకున్నారు. పట్టుకున్నవారి రాతలే నాకు గుర్తున్నాయి. మిగిలిన వాటిలో పోలికల జాబితాలు తప్ప ఇప్పుడు ఏమీ మిగలలేదు. (జీఎస్‌టీ రిటర్నులు వేసే వారంలో ఈ పాటను కొట్టులో పెట్టకూడదని మా ఆడిటరుగారు సరదాగా హెచ్చరించారు.)

అన్నీ మెచ్చుకోవడం సమీక్ష కాదు కాబట్టి, నాకు నచ్చనివి కూడా చెబుతాను. ‘హాఫ్ రియల్’ దగ్గర ఆల్బమ్ నడక కుంటుతుంది. అక్కడ గొంతు చేసే విన్యాసం అంతకుముందు మూడు పాటల్లో చేసినదే. ‘బౌ డౌన్’లో హడావుడికి తగిన పాట లేదు. మాటలు చాలాచోట్ల ఒకదానికొకటి అతకవు, అతకకపోవడమే అందమని అభిమానులు వాదిస్తారు గానీ, ప్రతిసారీ ఆ వాదన నెగ్గదు. ‘ఓ పే ద్యు కొకెయిన్’ మాత్రం ఇందుకు విరుద్ధం. అందులో మాటలు చాలా తేలిక, విడిచి వెళ్ళినా ఫరవాలేదు తిరిగి రమ్మని బతిమాలే మనిషి ఒకడు, అతని చుట్టూ ఒక చిన్న గిటారు వరుస. అంతే. ఆ పాట వచ్చినప్పుడు పెదనాన్నగారు ఏమీ అనలేదు, కాయలు ఆడించడం మాత్రం ఆపారు.

మార్కుల సంగతికి వస్తే, ఇండీ రాక్ లోకంలో మార్కులకు ఇంత పెత్తనం రావడానికి ప్రధాన కారణం పిచ్‌ఫోర్క్. 1990ల మధ్యలో మినియాపోలిస్ దగ్గర రయన్ ష్రైబర్ అనే కుర్రాడు మొదలుపెట్టిన ఆ పత్రిక, ఆల్బమ్‌కు పదికి ఎంతో దశాంశంతో సహా తేల్చి చెప్పే పద్ధతితో పేరు తెచ్చుకుంది. 2004లో ఆర్కేడ్ ఫైర్ అనే మాంట్రియల్ బృందపు ఆల్బమ్ ‘ఫ్యునరల్’కు 9.7 వేసినప్పుడు, మెర్జ్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ ఆ గిరాకీకి సరిపడా కాపీలు అందించలేకపోయింది. 2006లో ఆస్ట్రేలియా బృందం జెట్ ఆల్బమ్‌కు 0.0 వేసి, సమీక్షకు బదులుగా ఒక చింపాంజీ వీడియో పెట్టారు. నవ్వు వచ్చే మాట నిజమే, కానీ ఆ ఆల్బమ్‌లో ఏమి బాగోలేదో ఆ చింపాంజీ ఎవరికీ చెప్పలేదు. 2003లో లిజ్ ఫెయిర్ అనే గాయని ఆల్బమ్‌కు కూడా 0.0 వేశారు. ఆ సమీక్ష రాసిన వ్యక్తి 2019లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, 2021లో పిచ్‌ఫోర్క్ తన పాత మార్కులను తిరగదిద్దుతూ దాన్ని 6.0 చేసింది. అదే విడతలో డాఫ్ట్ పంక్ అనే బృందపు ఆల్బమ్ ‘డిస్కవరీ’ 6.4 నుంచి 10కి ఎగబాకింది. పద్దెనిమిదేళ్ళు, ఇరవై ఏళ్ళు అటక మీద ఉన్న కాయలను దింపి మళ్ళీ ఆడించి చూశారన్నమాట. ఆ పని చేసినందుకు నేను వారిని తప్పుపట్టను, కానీ దశాంశ స్థానం వరకు తూచి చెప్పినప్పటి ధీమా ఏమైందని మాత్రం అడుగుతాను. అదే పత్రికను 2015లో కాండే నాస్ట్ అనే పత్రికల సంస్థ కొనుక్కుంది, 2024 జనవరిలో ఉద్యోగులను తొలగించి, ఒక మగవారి ఫ్యాషన్ పత్రికతో కలిపేస్తున్నట్టు ప్రకటించింది.

దీని మీద మెటాక్రిటిక్ అనే సైటు 2001 నుంచి ఇంకొక పొర వేసింది. నక్షత్రాలు ఇచ్చిన పత్రిక, పదికి వేసిన పత్రిక, అసలు అంకే వేయని పత్రిక, అన్నింటినీ నూటికి మార్చి, కొన్నింటికి ఎక్కువ బరువు ఇచ్చి, ఒకే ఒక్క సగటు చూపిస్తుంది. సగటులో పోయేది ఏమిటో తెలుసుకోవాలంటే 2000 అక్టోబరులో వచ్చిన రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ను చూడాలి. పిచ్‌ఫోర్క్ దానికి పదికి పది వేసింది, ఇంగ్లండులోని మెలొడీ మేకర్ పత్రిక అయిదుకు ఒకటిన్నర వేసింది. ఈ రెండింటి మధ్య నిలబడి తీసిన అంకె ఇద్దరిలో ఏ ఒక్కరి అభిప్రాయమూ కాదు. మంచి కాయను, కుళ్ళు కాయను కలిపి రెండూ మధ్యరకం అని బేరం చెబితే అంబాజీపేటలో ఎవరైనా ఊరుకుంటారా?

ఆలస్యంగా విలువ తేలే ఆల్బమ్‌లు కూడా ఉంటాయి. వీజర్ బృందం 1996 సెప్టెంబరులో తెచ్చిన ‘పింకర్టన్’ను రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక పాఠకులు ఆ ఏటి అధ్వాన్నపు ఆల్బమ్‌ల జాబితాలోకి ఎక్కించారు. 2004లో అదే పత్రిక దానికి అయిదు నక్షత్రాలు ఇచ్చింది. మధ్యలో ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదు. ‘గెటింగ్ కిల్డ్’కు ఇందుకు తలకిందులైన గండం ఉందేమోనని నా అనుమానం: వచ్చిన వారానికే పొగడ్త అంతా అయిపోయింది. పొగడ్త ఎక్కువైనప్పుడు దాని మీద విసుగు పుట్టడం కూడా అంతే త్వరగా జరుగుతుంది, ఏడాది తిరగకుండానే ఈ బృందం వెనుక ఎవరో పెద్దలు ఉండి ఎత్తిపెట్టారని అనేవారు తయారయ్యారు. ఆ విసుగు కూడా పాటను వినకుండా వచ్చినదే.

కొత్త పోకడకు విమర్శ ఎదురుకావడం మా ప్రాంతానికి తెలియనిది కాదు. మా కొట్టు నుంచి బయలుదేరితే పూట గడవక ముందే చేరుకోగల శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, నాలుగే స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు చేసినప్పుడు, అవి రాగాలే కావని వాదించిన విద్వాంసులు ఉన్నారు, వీణ ఎస్. బాలచందర్‌గారు గట్టిగానే ఆక్షేపించారు. ఆ వివాదంలో ఎవరు నెగ్గారని నన్నడిగితే చెప్పలేను గానీ, ఒక సంగతి మాత్రం గమనించాను. ఆక్షేపించినవారు రాగంలోని స్వరాల గురించే, అవి రాగాన్ని నిలబెట్టగలవా లేదా అన్న విషయం గురించే మాట్లాడారు. అయిదుకు ఎన్ని నక్షత్రాలని ఎవరూ అడగలేదు. అలాంటి కఠినమైన ప్రతికూల సమీక్ష ఒకటి, లోపలికి దిగి స్వరాన్ని పట్టుకొని తప్పు చూపేది, గీస్ ఆల్బమ్‌కు వచ్చి ఉంటే నేను ఎంతో ఇష్టంగా చదివేవాడిని. మెచ్చుకున్న పాతిక సమీక్షలు చెప్పలేనిది అది చెప్పి ఉండేది.

నేనైతే అంకె వేయడం లేదు. వేయమని పెదనాన్నగారే అడిగారు. “పేపర్లవాళ్ళు ఎన్ని మార్కులేశార్రా దీనికి?” అన్నారు. బాగానే వేశారని చెప్పాను. “వేస్తార్లే, ఆ డ్రమ్ము వాయించేవాడికి మాత్రం నేను కూడా వేస్తాను,” అన్నారు.

లారీ అయిదు గంటలకు వచ్చింది. ముఠావాళ్ళు బస్తాలు మోస్తుండగా చివరి పాట నడుస్తోంది. ‘లాంగ్ ఐలాండ్ సిటీ హియర్ ఐ కమ్’ అని దాని పేరు. ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది, ఎక్కడా ఆగకుండా మెట్టు మీద మెట్టుగా వేగం పెంచుకుంటూ పోతుంది, డ్రమ్స్ అదుపు తప్పుతున్నాయేమో అన్నంత దూరం వెళ్ళి తప్పకుండా వస్తాయి. ఈ పాటను గురించి మాత్రం విమర్శకులు రాసిన గొప్పలన్నీ నేను ఒప్పుకుంటాను. బస్తా భుజాన వేసుకొని తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడొకడు, “ఏమంటున్నాడండి ఈయన అంత గాబరాగా?” అని అడిగాడు. ఎక్కడికి పోతున్నాడో తనకే తెలియదట గానీ వచ్చేస్తున్నానని చెబుతున్నాడన్నాను. కుర్రాడు బస్తా సర్దుకొని, “లారీ డ్రైవరాండీ?” అన్నాడు.